బొందలగడ్డకు ఒక పుస్తకం పెడదాం



మన ధరూర్ మండలం రేవులపల్లి దగ్గర జూరాల గేట్లు దాటిన కృష్ణమ్మ సముద్రంలో కలిసేది బందరు సీమలో. ఆ బందరు, అదే మచిలీపట్నం, గోల్కొండ సుల్తానుల నాటి పెద్ద రేవు. అద్దకం బట్టల బేరానికి 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు, ఆ వెనక ఫ్రెంచివాళ్ళు ఓడలెక్కి వచ్చారు. వచ్చినవాళ్ళలో ఎందరో అక్కడి మట్టిలోనే కలిశారు. డచ్చివాళ్ళ సమాధులు నేటికీ ఉన్నాయి. పేరు, తేదీ, వంశ చిహ్నం రాతిలో చెక్కి ఉన్నాయి. వాటిని కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతోంది. 300 ఏళ్ళ కింద పోయిన పరదేశి ఎవరో ఇవాళ మనం తెలుసుకోవచ్చు.

అదే ఊరిని 1864 నవంబరు 1న ఉప్పెన ముంచింది. దాదాపు 30,000 మంది పోయారు. వాళ్ళలో ఎంతమంది పేర్లు మిగిలాయి? రాయి చెక్కించుకునే స్తోమత ఉన్న వర్తకుడు చరిత్రకెక్కాడు. అతని కోసం బట్ట నేసినవాడు, మూటలు మోసినవాడు ఎక్కలేదు. మా బాధ అదే.

మన దగ్గరికి వద్దాం. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. గొప్ప పని. మట్టిలో కలిసిన తాతముత్తాతలను అట్లా మోసుకురాలేం. కానీ పేర్లు రాసుకోగలం, వాళ్ళున్న జాగా కాపాడుకోగలం.

అందుకే వచ్చే గ్రామసభలో ప్రతి ఊరూ తీర్మానం చేయాలని అడుగుతున్నాం. బొందలగడ్డ, ఖబరస్తాన్, క్రైస్తవుల సమాధుల జాగా, ఏదైనా సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్ళు పాతించాలి. ఎవరు ఎక్కడున్నారో ముసలివాళ్ళను అడిగి ఒకే పుస్తకంలో రాయాలి. కులానికో పుస్తకం వద్దు. ఒక ప్రతి పంచాయతీలో, ఒకటి బడిలో ఉండాలి. దళితవాడల బొందలగడ్డలతోనే మొదలుపెట్టాలి, కబ్జాకు అడ్డం తిరిగే బలం వాళ్ళకే తక్కువ గనుక.

బొందలగడ్డ ముచ్చట ఇంట్ల ఎత్తొద్దని కొందరంటారు. పెత్రమాస నాడు పెద్దల పేరు చెప్పి బియ్యం ఇచ్చేది మనమే కదా! ఆ పేర్లే రాయమంటున్నాం. మూడు తరాల వెనక్కి పేర్లు చెప్పగలిగిన అవ్వలు, తాతలు ఊరికి కొందరే మిగిలారు. చదువుకున్న పిల్లలు నోటుపుస్తకం, ఫోను పట్టుకుని ఈ వారమే వాళ్ళ దగ్గర కూర్చోవాలి. పెత్రమాస లోపు పుస్తకం మొదటి ప్రతి సర్పంచు చేతికి అందాలి.