సంపాదకుని మాట: తప్పుడు దావాకు తగిన ఖరీదు

అద్దె జాగా ఖాళీ చేయమన్న ఉత్తర్వును హైకోర్టు కూడా ఖాయం చేసింది. అయినా అద్దెకున్నవాళ్లు కొత్త దావాతో మళ్లీ కింది కోర్టుకెక్కారు. 1977లో ఈ తంతు చూసిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి కృష్ణయ్యర్, పసలేని దావాను మొగ్గలోనే తుంచాలని గట్టిగా చెప్పారు.

అందుకు దారులు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉన్నాయి. వ్యాజ్యకారణం లేని ప్లెయింటును ఆర్డర్ 7 రూల్ 11 కింద విచారణకు ముందే తిరస్కరించవచ్చు. ఒకసారి తేలిపోయిన తగాదాను మళ్లీ తిరగదోడకుండా సెక్షన్ 11 ఆపుతుంది. వీటికి అందని దుర్వినియోగాన్ని అరికట్టడానికి సెక్షన్ 151 ఉంది.

లోటల్లా ఖర్చుల దగ్గరే. తప్పుడు దావా అని తేలినా, సెక్షన్ 35ఎ కింద మామూలు సివిల్ కేసులో ఇప్పించగల పరిహారం 3,000 రూపాయలకు మించదు. ఏళ్ల తరబడి ఎదుటివాడి ఇంట్లో తిష్ఠవేసినవాడికి అదొక లెక్కా? నిర్ణీత విలువకు తగ్గని వాణిజ్య వివాదాలకు 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టం ఈ పరిమితిని ఎత్తేసింది. ఇంటి తగాదాలకూ, పొలం గట్టు తగాదాలకూ ఎత్తేయాలి. కోర్టుల చుట్టూ తిరిగి అలిసిపోయే సామాన్యుడికి ఆ రక్షణ మరీ అవసరం. ఈ సంచికలో ప్రధాన చర్చ అదే.