గుండీకి పనికిరాని కర్ర

మొన్న దసరా సెలవులకి కరీంనగర్ వెళ్ళినప్పుడు నా బుర్రలో ఒక బ్రహ్మాండమైన ఐడియా పుట్టింది. అమ్మ నా ఖాదీ కుర్తాకి ఊడిపోయిన ప్లాస్టిక్ గుండీ కుడుతోంది. మన నిర్మల్ బొమ్మల వాళ్ళతో రంగురంగుల చెక్క గుండీలు చేయించి, ఐటీ జనాలకి అమ్మితే ఎలా ఉంటుంది? రాత్రికి రాత్రే ఎక్సెల్ షీట్ కూడా రెడీ :)

మర్నాడే బస్సెక్కి నిర్మల్ వెళ్ళాను (2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు తనే ఒక జిల్లా). బొమ్మలు చేసే ఒక పెద్దాయన నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, ఒక పొనికి ముక్క నా చేతిలో పెట్టి "గోరుతోని గీకు బిడ్డా" అన్నాడు. గీకితే గీత పడింది. "గింత మెత్తగుంటది. దీనికి బొక్కలు పొడిసి దారం గుంజితె ఆగుతదా?"

నా డిజైన్ రివ్యూ అర నిమిషంలో అయిపోయింది.

ఆలోచిస్తే బొమ్మకి ఆ మెత్తదనమే బలం. ఉలికి ఇట్టే లొంగుతుంది, తేలిగ్గా ఉంటుంది. ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. ఆపైన తెల్ల సుద్ద, తర్వాత రంగులు. అలమారాలో కూర్చునే బొమ్మకి అది చాలు.

గుండీ బతుకు వేరు. రోజూ గుంజుడు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ. దానికి గట్టి కర్ర కావాలి. రెండు రంధ్రాలూ ఒకే పోగు మీద పడితే ఆ గీత వెంటే చీలుతుంది, కాబట్టి పోగుకి అడ్డంగా పెట్టాలి. పోనీ ఏటికొప్పాక వాళ్ళలా అంకుడు కర్రని లేతు మీద తిప్పి లక్క పూస్తే? కర్ర నప్పొచ్చు గానీ లక్క ఇస్త్రీ వేడికి మెత్తబడుతుంది. ఇంత చిన్న వస్తువులో ఇన్ని లెక్కలు!

అసలు విషయం ఇది కాదు. లేచేముందు "పోనీ, వేరే ఆర్డర్లు తెప్పించనా?" అని అడిగాను. ఆయన నవ్వి "ఆర్డర్లు ఎందుకు బిడ్డా, కర్ర తెప్పియ్యి" అన్నాడు.

మన ఇండస్ట్రీ వాళ్ళకో జబ్బుంది. ఏ చేతిపని చూసినా దాని కష్టం మార్కెటింగే అనుకుంటాం. వెబ్‌సైట్ పెడదాం, యాప్ చేద్దాం అంటాం. నిర్మల్‌లో 1955 నుంచి కళాకారుల సహకార సంఘం ఉంది, 2009లో జీఐ గుర్తింపూ వచ్చింది. పేరుకి కొరత లేదు. కొరతంతా పొనికికే, అడవుల్లో ఆ చెట్టు తగ్గిపోతోంది. ఇప్పుడు ఆర్డర్లు మాత్రం పెంచడమంటే, సర్వర్ల సంగతి చూడకుండా యూజర్లని తెచ్చిపోయడమే. పైగా చెట్టు మన స్ప్రింటు లెక్కన ఎదగదు.

"అయితే కొత్త వస్తువులే వద్దంటావా?" అనొచ్చు మీరు. వద్దనను. కానీ డిజైన్ కర్ర దగ్గర మొదలవ్వాలి, మన ఎక్సెల్ షీట్ దగ్గర కాదు. మన కంపెనీలు ఏటా మొక్కలు నాటి ఫోటోలు దిగుతాయి కదా, అందులో కొన్ని పొనికి మొక్కలై, ఆదిలాబాద్ వైపు నేలలో పడి, నాలుగేళ్ళ తర్వాత కూడా ఎవరైనా వెళ్ళి చూస్తే చాలు. నా గుండీల కంపెనీ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

నా షీట్‌లో 'లాభం' కాలమ్ తీసేసి 'మొక్కలు' అని పెట్టాను. ప్రస్తుతానికి సున్నా. మీ ఆఫీసులో ఈ మాట ఎత్తగలిగిన వాళ్ళెవరైనా ఉన్నారా?