నోటు పుస్తకం వెనుక జామాయిల్ తోట



బడి తెరిచాక హాస్టల్‌లో నోటు పుస్తకాలు పంచుతుంటే వరుసలో నిలబడ్డవాళ్లమే మేమంతా. కొత్త కాగితం వాసన చూశాం, అట్ట మీద పేరు రాసుకున్నాం. ఆ కాగితం ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఏనాడూ అడగలేదు. పీజీకి వచ్చాక తెలిసింది, అలాంటి కాగితానికి మొదటి చెమట మన అమ్మానాన్నలదేనని.

విజయవాడ నుంచి హైదరాబాద్ రోడ్డు పట్టుకుని కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట వైపు వెళ్తే మెట్ట చేలల్లో జామాయిల్, సుబాబుల్ తోటలు కనిపిస్తాయి. ఒకప్పుడు వాటిలో చాలా చోట్ల పత్తి, మిర్చి ఉండేవి. మిల్లులు అడవి మీద ఆధారపడకుండా రైతుల చేత కలప పెంచించుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. ఆ తర్వాతే భద్రాచలం క్లోన్ల పేరుతో త్వరగా ఎదిగే జామాయిల్ మొక్కలు పల్లెలకు వచ్చాయి. నాలుగైదేళ్లకు నరికిన కలప సారపాకకో, రాజమండ్రికో లారీల్లో పోతుంది.

అక్కడితో కథ అయిపోదు. ప్రపంచంలో కాగితపు గుజ్జును అందరికంటే ఎక్కువగా ఎగుమతి చేసేది బ్రెజిల్. అందులో అత్యధిక భాగం జామాయిల్ గుజ్జే. అక్కడ కంపెనీలకు లక్షల ఎకరాల తోటలుంటాయి. మన దగ్గర రెండెకరాలు, మూడెకరాల రైతు. పైగా 2010లో అమల్లోకి వచ్చిన ఆసియాన్ ఒప్పందంతో 2014 నాటికి ఇండొనేషియా వంటి దేశాల కాగితంపై సుంకం సున్నాకు వచ్చింది. బయటి సరుకు చవకైతే మిల్లు తన ధర తగ్గించుకుంటుంది, ఆ భారాన్ని కలప కొనే ధర మీదికి నెడుతుంది. రైతు ఆ నష్టాన్ని ఎవరి మీదికి నెట్టాలి?

రాజమండ్రి మిల్లు 2011లో అమెరికా కంపెనీ చేతికి, 2019లో మళ్లీ మన దేశపు కంపెనీ చేతికి వెళ్లింది. యజమానులు మారారు గానీ, తోటలో కలప తోలు తీసే చేతులు మారలేదు.

ధర పడిపోతే రైతు రోడ్డెక్కుతాడు, పేపర్లో వార్త వస్తుంది. అది న్యాయమైన పోరాటమే. కానీ మిర్చి చేలో ఏడాదికి నెలల తరబడి దొరికే పని, అదే చేలో జామాయిల్ వేసిన రోజే పోతుంది. కౌలుకు చేసే మా నాన్నల దగ్గర నుంచి భూమి వెనక్కి వెళ్లిపోయింది. కలుపు తీసే మా అమ్మలు పని వెతుక్కుంటూ పొరుగూళ్లకు ఆటోలెక్కారు. మళ్లీ పని దొరికేది నరికే రోజుల్లోనే, అదీ ముఠా కూలి, టన్ను లెక్కన. ఈ నష్టం ఏ ధరల చర్చలోనూ లెక్కకు రాదు.

అలాగని చెట్టును తిట్టి లాభం లేదు. నీళ్లు లేక, పత్తికి అప్పులపాలై, గత్యంతరం లేకే చాలామంది రైతులు ఈ దారి పట్టారు. చెట్టుకు కులం లేదు, వర్గం లేదు. లెక్క వేసే మనుషులకే ఉన్నాయి.

మేము కోరేది మూడే. కలపకు గిట్టుబాటు ధర, మార్కెట్ యార్డు ద్వారా సకాలంలో చెల్లింపు ఉండాలి. ఆ ధర లెక్కలో నరికే, తోలు తీసే, ఎత్తే కూలీల రేటు కూడా రాసి ఉండాలి. తోటలుగా మారిన ఊళ్లలో ఉపాధి హామీ పనులు ముందుగా ఇవ్వాలి.

తమ్ముళ్లూ, అర్థశాస్త్రం అంటే పరీక్షకు బట్టీ పట్టే పాఠం మాత్రమే అనుకోవద్దు. బ్రెజిల్ రేవులో గుజ్జు ధరకూ, మన ఇంట్లో పొయ్యి వెలగడానికీ సంబంధం ఉంది. ఆ సంబంధాన్ని చదువుకున్న మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు టన్నుకు ఎంత ఇచ్చారో నాన్నను అడగండి. ఆయన చెప్పిన అంకెను మీ నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.