ఏడ్చినా వీరుడే

అర్ధరాత్రి దాటింది. వార్డులో సగం లైట్లు ఆర్పేశారు. తలకి కట్టుతో ఉన్న ఎనిమిదేళ్ల పిల్లాడు పక్క మీద అటూ ఇటూ కదులుతుంటాడు. 'అమ్మా, నొప్పి' అంటాడు. 'ఏం లేదు నాన్నా, తగ్గిపోతుంది, పడుకో' అంటుంది అమ్మ. నాన్నయితే కాస్త గట్టిగా, 'పల్నాటి బిడ్డవి! బాలచంద్రుడు పుట్టిన గడ్డ మనది. ఇంతదానికే ఏడుస్తారా?' అంటాడు. మాచర్ల, గురజాల, నరసరావుపేటల నుంచి గుంటూరుకో హైదరాబాదుకో వెళ్లి పిల్లలకి మెదడు ఆపరేషన్ చేయించిన ఇళ్లకి ఈ రాత్రి కొత్తకాదు.

రెండు మాటల్లోనూ ఉన్నది ప్రేమే. పిల్లాడికి అర్థమయ్యేది మాత్రం వేరు. చెప్పినా లాభం లేదని. ఇక చెప్పడం మానేస్తాడు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

నిజానికి మెదడుకి నొప్పి తెలీదు. తెలిసేది దాని పైనున్న పొరకి, తల చర్మానికి, కోసి కుట్టిన కండరాలకి. కణత దగ్గర కోస్తే అన్నం నమలాలన్నా నొప్పే. తల వెనక కోస్తే మెడ తిప్పలేరు. మొదటి రెండు రోజులూ బాధ ఎక్కువ. అన్నం వద్దని మారాం చేసే పిల్లాడికి కావలసింది కోప్పడటం కాదు, మెత్తగా పిసికిన పెరుగన్నం.

మరి గట్టి మందు ఇచ్చి నిద్రపుచ్చరేం? తల్లిదండ్రులకి డాక్టర్ల మీద కోపం వచ్చేదిక్కడే. గట్టి మందులతో మత్తు వస్తుంది. ఆ మత్తులో, లోపల రక్తస్రావమో వాపో మొదలైనా బయటికి తెలియకపోవచ్చు. నర్సు మాటిమాటికీ లేపి, కళ్లలో టార్చి వేసి, పేరు అడిగేది అందుకే. అలాగని నొప్పిని భరించాల్సిందేనని కాదు. పిల్లల బరువును బట్టి, వేళ తప్పకుండా మందు ఇస్తే చాలావరకు అదుపులో ఉంటుంది. నొప్పి ముదిరాక ఇచ్చేకన్నా ముందే ఇస్తే మేలు.

ఒకప్పుడు పసిపిల్లలకి నొప్పి అంతగా తెలీదని వైద్యులు కూడా నమ్మేవారు. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన డాక్టర్ కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ ఆ నమ్మకాన్ని కదిలించారు. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకి ఆపరేషన్‌లో నొప్పి తెలియకుండా బలమైన మందు ఇస్తే ఒంటి మీద ఒత్తిడీ, తర్వాతి చిక్కులూ తగ్గాయని 1987లో ఆయన బృందం చూపింది. మాటలు రాని శిశువు నొప్పినే వైద్యం ఒప్పుకుంది. ఎనిమిదేళ్ల వాడి మాట నమ్మడానికి ఇంట్లోవాళ్లకి అడ్డేమిటి?

నొప్పికి కొలత కూడా ఉంది. నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా ఆరు బొమ్మలున్న కార్డుని అమెరికాలో 1980లలో తయారు చేశారు. మూడేళ్లు దాటిన పిల్లలు తమ నొప్పికి తగిన బొమ్మని వేలితో చూపిస్తారు. 'రాత్రి నాలుగో బొమ్మ, మందేశాక రెండో బొమ్మ' అని ఓ కాగితం మీద రాసుకుంటే, పొద్దున వచ్చే డాక్టరుకి అంతకన్నా మంచి సమాచారం లేదు.

మాట రాని పిల్లల సంగతో? మెదడు వెనక భాగంలో గడ్డ తీశాక, ఒకటి రెండు రోజుల్లో కొందరికి మాట ఆగిపోతుంది. చిరాకు పడతారు, ఏడుస్తారు, బదులివ్వరు. అది మొండితనం కాదు. మాట మళ్లీ నెమ్మదిగా వస్తుంది. కొందరికి వారాలు, నెలలు కూడా పడుతుంది. అప్పుడు చూడాల్సింది ముఖం, కాళ్ల కదలిక, ఒళ్లు బిగుసుకోవడం, ఏడుపు, ఓదారిస్తే ఊరుకుంటున్నారా లేదా అన్నది. ఆ ముఖాన్ని పుట్టినప్పటి నుంచీ చూస్తున్న అమ్మకి తెలిసినంతగా ఏ యంత్రానికీ తెలీదు.

అసలు పరీక్ష ఇంటికొచ్చాక. ఊరంతా పలకరించడానికి వస్తుంది. ఆ సందడీ, రెంటచింతల ఎండా రెండూ ఆ తలకి పడవు. గాయానికి పసుపు, నూనె పెట్టకూడదు. పెద్దవాళ్ల మాత్ర విరిచి వెయ్యకూడదు. ఊళ్లో సూది వేయించడమూ వద్దు. డాక్టరుని అడగకుండా ఫిట్స్ మందు ఆపకూడదు. కుట్ల దగ్గర దురద, తిమ్మిరి మామూలే. కానీ తగ్గాల్సిన నొప్పి పెరుగుతున్నా, వాంతులు, జ్వరం, మత్తు, ఫిట్స్ వచ్చినా, ఓ పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా, గాయం నుంచి నీరు కారినా తెల్లారే దాకా ఆగకూడదు. 108కి ఫోన్ చేసి బయల్దేరాలి.

ఇవన్నీ బయటపడేది పిల్లాడు నోరు తెరిచి చెబితేనే. నిన్నటి దాకా 'ఓర్చుకో' అని నేర్పిన ఇంట్లో ఆ మాట రాదు.

కారెంపూడి వీరుల కథలో బాలచంద్రుడు కత్తి పట్టకముందు బొంగరాలాడుకున్న పిల్లాడే. మంచం మీదున్న వీడూ అంతే. 'నొప్పిగా ఉందా? ఎంత? ఎక్కడ? నర్సమ్మకి చెబుదాం, నేనిక్కడే ఉంటాను' అని అమ్మ అంటే చాలు. చెయ్యి పట్టుకుని కాసేపు ఏడుస్తాడు. తర్వాత పడుకుంటాడు.