కార్ఖానా దోమలపై కంటోన్మెంట్ బోర్డుకు బహిరంగ లేఖ

సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,

వానలు మొదలైతే కార్ఖానాలో మా భయమంతా డెంగీ గురించే. ఆ వైరస్‌ను చంపే మందు లేదు. రోజుకూలీ ఇంట్లో జ్వరమంటే వారం సంపాదన పోయినట్టే.

డెంగీని మోసే దోమ మురుగులో కన్నా నిలవున్న మంచినీళ్లలోనే ఎక్కువ పెరుగుతుంది: కూలర్లు, డ్రమ్ములు, కడుతున్న భవనాల సెల్లార్లు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. పొగ ఎగిరే దోమనే చంపుతుంది, నీళ్లలోని లార్వాను తాకదు.

అందుకే పొగ బండితో సరిపెట్టకండి. అక్టోబరు దాకా వారానికోసారి సిబ్బందిని సెల్లార్లకు, ట్యాంకులకు పంపి నిలవనీళ్లు తోడించండి. తనిఖీ తేదీలు వీధివారీగా ముందే ప్రకటించండి. మేము తలుపులు తీసి ఉంచుతాం.

ఇట్లు,
కార్ఖానా నివాసి