చవక పాలసీ ఎవరికి?

సంపాదకులకు,

విదేశీ ప్రయాణ బీమాలో ప్రీమియం ఎంత తక్కువైతే అంత మేలన్న గత సంచిక వ్యాసం బెల్లంపల్లి పెద్దలకు నప్పదు.

సింగరేణిలో రిటైరై అమెరికాలోని బిడ్డ దగ్గరికి పోయేవాళ్లలో బీపీ, షుగర్ లేనివారు అరుదు. చాలా పాలసీలు పాత జబ్బులను మినహాయిస్తాయి. కొన్ని ప్రాణం మీదికొస్తేనే, అదీ పరిమితంగా చెల్లిస్తాయి. ప్రపోజల్ ఫారంలో షుగర్ గడి దగ్గర ఏజెంటు ‘లేదు’ అని టిక్కు పెట్టేస్తే క్లెయిము అక్కడే చిక్కుకుంటుంది.

ఐరోపా దేశాల షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆసుపత్రి బిల్లు గుండెలదరగొట్టే అమెరికా విజిటర్ వీసాకేమో ఆ షరతే లేదు!

గల్ఫ్‌కు పనికి పోయే ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టుదారులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలు వస్తాయి. కొడుకును చూసి రావడానికి పోయే తల్లిదండ్రులకు అది వర్తించదు.

— ఒక పాఠకుడు, బెల్లంపల్లి