పిస్టన్ ముందా, బోర్ ముందా?

మా ఎల్లారెడ్డి ఇంట్లో ఒక ఆర్‌ఎక్స్ 100 ఉంది. బాపు పెళ్లికి ముందు సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి. యమహా డిజైన్‌తో ఎస్కార్ట్స్ వాళ్లు 1985లో మొదలుపెట్టి 1996లో ఆపేశారు కాబట్టి, దాని వయసు నాకన్నా ఎక్కువే. దాని గొప్పతనం గురించి రాయను, ఆ రీల్స్ మీరందరూ చూసే ఉంటారు. నేను చెప్పదల్చుకుంది వేరే. రోజూ రోడ్డు మీద తిరుగుతూ, ఎప్పుడో ఒకసారి డ్రాగ్ రన్ కొడదామనుకునే ఇంజన్‌కి పిస్టన్ కొనేటప్పుడు, మనం డబ్బు పెట్టాల్సిన చోట పెట్టట్లేదు. నేనైతే పెట్టలేదు.

పోయిన ఎండాకాలం బండి బోరుకొచ్చింది. కిక్ కొడితే కాలికి ఏమీ తగలట్లేదు, కంప్రెషన్ పోయింది. హాస్టల్‌లో మావాళ్లంతా ఒకటే మాట: "మామా, ఎలాగూ ఇంజన్ విప్పుతున్నావ్ కదా, ఫోర్జ్డ్ పిస్టన్ వెయ్, 402 మీటర్లు కొడదాం." నేను ఆన్‌లైన్‌లో 0.50 ఓవర్‌సైజ్ ఫోర్జ్డ్ కిట్ ఆర్డర్ పెట్టా. అది వచ్చేలోపు టైమ్ వేస్ట్ ఎందుకని కామారెడ్డిలో ఒక లేత్ షాపుకి బ్లాక్ తీసుకెళ్లి "0.50 బోర్ కొట్టండి" అన్నా. వాళ్లు కొట్టిచ్చారు. ఏ పిస్టన్ అని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.

వారం తర్వాత మధ్యాహ్నం ఎండలో బాపు కామారెడ్డి నుంచి వస్తుంటే లింగంపేట దగ్గర ఇంజన్ జామ్ అయింది. వెనక చక్రం లాక్. పాత అలవాటు కాబట్టి చెయ్యి క్లచ్ మీదికి పోయింది, మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. వెనకాల బస్సు ఉండి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

ఎందుకు జామ్ అయిందో తర్వాత లెక్కేసుకున్నా. ఈ లెక్క బండి విప్పకముందే వేసుకోవాల్సింది. అల్యూమినియం వేడికి వ్యాకోచిస్తుంది, ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిందే. ఫోర్జ్డ్ పిస్టన్లకి ఎక్కువగా వాడే 2618 మిశ్రమంలో సిలికాన్ దాదాపు ఉండదు. దెబ్బకి ఓర్చుకుంటుంది కానీ ఎక్కువ ఉబ్బుతుంది. 4032 అనే ఇంకో రకంలో సిలికాన్ సుమారు 12 శాతం, అది తక్కువ ఉబ్బుతుంది. 50 మి.మీ. పిస్టన్ 150 డిగ్రీలు వేడెక్కితే మొదటిది దాదాపు 0.17 మి.మీ. పెరుగుతుంది, రెండోది దాదాపు 0.15. రెండు పాయింట్ల తేడాకే ఇంత గొడవా అంటారా? పిస్టన్‌కి, సిలిండర్ గోడకి మధ్య వదిలే గ్యాపే తల వెంట్రుక మందం కన్నా తక్కువ. అందుకే ఫోర్జ్డ్‌కి గ్యాప్ ఎక్కువ వదలాలి. ఎక్కువ వదిలితే పొద్దున చల్లగా స్టార్ట్ చేసినప్పుడు టకటక కొట్టుకుంటుంది, గోడ తొందరగా అరుగుతుంది. రేస్ బండికి పర్లేదు, ప్రతి రేస్ తర్వాత విప్పుతారు. పాలకేంద్రానికి, పొలానికి, బ్యాంకుకి తిరిగే బండికి?

అసలు మన బండికి ఫోర్జ్డ్ అవసరమా అన్నది ఇంకో లెక్క. ఆర్‌ఎక్స్ 100 స్ట్రోక్ 50 మి.మీ., 11 హార్స్‌పవర్ వచ్చేది 7500 ఆర్‌పీఎం దగ్గర. అంటే పిస్టన్ సగటు వేగం సెకనుకి 12.5 మీటర్లు. మంచి కాస్ట్ పిస్టన్‌కి ఇది పెద్ద కష్టమే కాదు. టర్బో పెట్టినప్పుడు, నైట్రస్ కొట్టినప్పుడు, ఆర్‌పీఎం ఎక్కడికో తీసుకెళ్లినప్పుడు ఫోర్జ్డ్ కావాలి. ఓవర్‌సైజ్ వేస్తే పికప్ పెరుగుతుందనేది ఇంకో భ్రమ. 50.75 బోర్‌కి 98 సీసీ కాస్తా 101 అవుతుంది. మూడు సీసీ!

బండిని తోసుకుంటూ తీసుకెళ్తే మా ఊరి మెకానిక్ భాయ్ బ్లాక్ చూసి అన్న మాట: "పిస్టన్ చేతుల లేకుండ బోర్ ఎట్ల కొట్టిస్తివిరా? అంగీ కుట్టినంక మనిషిని దేవులాడుతరా?" 0.50 అనేది సైజ్ పేరు మాత్రమేనట. కంపెనీ మారితే అసలు కొలత పాయింట్లలో మారుతుంది. నా భాషలో చెప్పాలంటే, వేరియబుల్ పేరు చూసి అదే వాల్యూ అనుకున్నా. పిస్టన్ ముందు కొనాలి, స్కర్ట్ దగ్గర మైక్రోమీటర్‌తో కొలవాలి, దాని కంపెనీ చెప్పిన గ్యాప్ కలిపి ఆ కొలతకి బ్లాక్ బోర్ కొట్టించాలి. పాత పిస్టన్ పక్కన కొత్తది నిలబెట్టి గజన్ పిన్ ఎత్తు, స్కర్ట్ పొడవు, ఇన్‌టేక్ వైపు కిటికీలు పోల్చాలి. టూ స్ట్రోక్‌లో పోర్టులు తెరిచేది, మూసేది పిస్టనే కదా, అక్కడ మిల్లీమీటర్ తేడా వస్తే బండి స్వభావమే మారిపోతుంది. పైన ఉన్న బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. ఇది యూట్యూబ్‌లో కూడా చెప్తారు, సరిగ్గానే.

పెట్రోల్ సంగతి కూడా చూడాలి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్‌తోనే నడిపితే మిశ్రమం పలచబడి పిస్టన్ ఇంకా వేడెక్కుతుంది. ఫోర్జ్డ్‌కి పెట్టే డబ్బులో కొంత కార్బురేటర్ జెట్‌కి, మంచి 2టీ ఆయిల్‌కి పెడితే నయం.

ఇక 402 మీటర్లు. మావాళ్ల దృష్టిలో స్ట్రిప్ అంటే రాత్రి పూట 44వ నంబర్ హైవే. అది స్ట్రిప్ కాదు, లారీల రోడ్డు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద నేరం కూడా. నిజంగా కొట్టాలనుంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఉంది, దేశస్థాయి డ్రాగ్ రేసులు అక్కడ జరుగుతాయి. దానికోసం వేరే ఇంజన్ కట్టుకో మామా, నేనూ వస్తా. బాపు ఎక్కే బండితో మాత్రం కాదు.

జామ్ అయినప్పుడు పడిన గీతలు పోవాలంటే 0.75కి వెళ్లక తప్పలేదు. ఈసారి కాస్ట్ పిస్టన్ కొని, దాన్ని జేబులో పెట్టుకుని లేత్ షాపుకి పోయా. మొదటి 500 కిలోమీటర్లు బాపు మెల్లగానే నడిపాడు. ఇప్పుడు పొద్దున ఒక్క కిక్‌కే స్టార్ట్ అవుతోంది. ఆ బ్లాక్‌లో ఇక మిగిలింది 1.00 ఒక్కటే. నా తొందరకి ఒక సైజు తినేశా, ఆ సంగతి బాపుకి ఇంకా చెప్పలేదు.